పదిహేను సెంట్ల తగువు

విరుదునగర్‌లో బస్సెక్కి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి వస్తే సుమారు 50 కిలోమీటర్లు. దారికి రెండు వైపులా ఒకప్పుడు పత్తి, సజ్జ, మినుము పండిన నల్లరేగడి నేల. ఇప్పుడు కొంత దూరానికొకచోట రంగు పూసిన హద్దురాళ్లు, ముందొక తోరణం, దాని మీద ‘నగర్’ అని ముగిసే పేరు కనిపిస్తాయి. మన పత్రిక చదివేవాళ్లలో చాలామందికి అలాంటి ఏదో ఒక నగర్‌లో రెండో మూడో సెంట్లు ఉండే ఉంటాయి. ఉద్యోగం ఎక్కడ చేసినా చివరికి మనవాళ్ల మధ్య ఒక చిన్న ఇల్లు ఉండాలన్న కోరిక మనకు కొత్త కాదు గదా! అయితే ఆ కోరికకూ ఇంటికీ మధ్య ఒక చట్టం నిలబడి ఉంటుంది. దాని సంగతి ఈమధ్య మా ఇంట్లోనే తెలిసివచ్చింది.

మా తాతగారు వదిలిపోయిన రెండెకరాల మెట్ట కోవిల్‌పట్టి శివార్లలో ఉంది. మెట్టను ఇక్కడి దస్తావేజుల్లో పుంజై అని రాస్తారు. తాతగారి నలుగురు కొడుకుల్లో ఇప్పుడు మిగిలింది మా చిన్నాయన ఒక్కరే. మనవలం విరుదునగర్, కోయంబత్తూరు, హోసూరు, చెన్నై అని తలో దిక్కూ పోయాం. ఆ నేలను మూడేసి సెంట్ల స్థలాలుగా చేసి, మాకు కావలసినవి ఉంచుకుని, మిగిలినవి అద్దె ఇళ్లలో ఉన్న బంధువులకే అమ్మి అందరం ఒకచోట చేరదామని పోయిన సంక్రాంతికి అనుకున్నాం. రూలేమిటో ఎవరూ చూడకముందే కాలనీకి పేరు కూడా పెట్టేశారు.

తరువాత నేను కాగితాలు పట్టుకు తిరగవలసివచ్చింది. తమిళనాడులో నగర, గ్రామీణ ప్రణాళికా చట్టం 1971 నాటిది. దాని కింద 2019 ఫిబ్రవరిలో రాష్ట్రమంతటికీ కలిపి ఒకే అభివృద్ధి, భవన నిబంధనలు వచ్చాయి. ముందుగా చూడవలసింది మన నేల ఏ వాడుక కింద ఉందో. నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, ప్రమాదకర పరిశ్రమ, వ్యవసాయం అని విభాగాలున్నాయి. అగ్గిపెట్టెల కార్ఖానాలున్న ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. పట్టణ ప్రణాళిక పరిధిలో లేని ఊళ్లలో సాగునేలను ఇళ్లకు మార్చడానికి 2017లో వేరే నిబంధనలు పెట్టారు. ఆ తరువాత లేఅవుటుకు డి.టి.సి.పి. ఆమోదం కావాలి. బయటివాళ్లకు అమ్మేటట్టయితే, నేల 500 చదరపు మీటర్లు దాటినా, స్థలాలు ఎనిమిదికి మించినా రెరాలో నమోదు చేయాలి. బంధువుకు అమ్మినా అమ్మకం అమ్మకమే.

తగువు వచ్చింది ఇక్కడ కాదు, ఖాళీ జాగా దగ్గర. నిబంధన ఇలా ఉంది. లేఅవుటు 3,000 చదరపు మీటర్ల లోపుంటే, అంటే దాదాపు 74 సెంట్ల వరకు, ఖాళీ జాగా వదలనక్కరలేదు. 10,000 మీటర్లు దాటితే, అంటే సుమారు రెండెకరాల నలభై ఏడు సెంట్ల పైన, రోడ్లు పోగా మిగిలినదాంట్లో పదోవంతు తప్పకుండా వదలాలి. రెంటికీ మధ్య ఉన్నవాళ్లు ఆ పదోవంతు వదలవచ్చు, లేదా దానికి రిజిస్ట్రేషన్ శాఖ కట్టిన విలువ చెల్లించవచ్చు. మా రెండెకరాలు 8,094 చదరపు మీటర్లు, సరిగ్గా ఆ మధ్యలో పడింది.

ప్లాను గీసే ఆయన లెక్క వేసి చూపించాడు. రోడ్లకు యాభై సెంట్లు, మిగిలిన నూటయాభైలో పదోవంతు పదిహేను. ఆ పదిహేను పోతే నలభై అయిదు ఇళ్లు, డబ్బు కట్టేస్తే యాభై. సర్కారు విలువ బజారు ధరకంటే తక్కువ కాబట్టి కట్టేయడమే లాభమని హోసూరులో ఉన్న మా తమ్ముడు అన్నాడు. “రెండెకరాల్ని మూడు ముక్కలు చేసి వేరువేరుగా అర్జీ పెడితే అదీ కట్టనక్కరలేదు” అని బ్రోకరు ఇంకో సలహా ఇచ్చాడు. అలా ముక్కలు చేసిన లేఅవుట్లు ఎలా ఉంటాయో నేను చూశాను. ఒకదాని రోడ్డు ఇంకొకదాని గోడ దగ్గర ఆగిపోతుంది. ఇంట్లో చావు జరిగితే పాడె తిప్పుకోవడానికి చోటుండదు.

చిన్నాయన చాలాసేపు విని, “అయిదు ఇళ్లు ఎక్కువొస్తాయి, సరే. ఆ యాభై ఇళ్ల పిల్లకాయలు యాడ ఆడుకుంటారప్పా?” అన్నాడు.

ఆ మాటకు అందరూ ఒప్పుకున్నారని చెప్పలేను. ఒక్కో సెంటూ లక్షల్లో ఉన్నప్పుడు ‘ఆడుకోవడానికి’ అంటే నవ్వేవాళ్లూ ఉంటారు.

కాని ఆమోదం లేని నేల ఏం చేస్తుందో మా అత్తయ్యకు తెలుసు. 2012లో ఆమె విరుదునగర్ బయట మూడు సెంట్లు కొన్నది. ‘పంచాయతీ అప్రూవ్డ్’ అన్నారు. డి.టి.సి.పి. లేకుండా పంచాయతీ ఒక్కటే లేఅవుటును ఆమోదించలేదని ఆమెకెవరూ చెప్పలేదు. కూతురికి రాసిద్దామని 2016లో పోతే, ఆ సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆమోదం లేని స్థలాల రిజిస్ట్రేషన్లు నిలిపివేసింది. నెలల తరబడి రాష్ట్రమంతా అదే గొడవ. 2017 మే నెలలో క్రమబద్ధీకరణ నిబంధనలు వచ్చాయి. 2016 అక్టోబరు 20 నాటికి కనీసం ఒక్క స్థలమైనా అమ్ముడైన లేఅవుట్లకే అది వర్తించింది. ముందు లేఅవుటు చట్రానికి ఆమోదం, ఆ తరువాత ఒక్కొక్క స్థలానికీ రుసుము. అత్తయ్య డబ్బు కట్టింది, కాగితం వచ్చింది. వీధి మాత్రం వెడల్పు కాలేదు. ఆమె ఇంటి ముందుకు నీళ్ల లారీ ఈనాటికీ రాదు, మలుపు దగ్గరే ఆగుతుంది. బిందెలు అక్కణ్నుంచి మోసుకోవాలి. రుసుముతో రోడ్డు పుట్టదు గదా.

ఇది ఒక్క తమిళనాడు కథే అనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 2020లో ఇలాంటి క్రమబద్ధీకరణే పెట్టారు. తెలంగాణలో వచ్చిన దరఖాస్తులు సుమారు పాతిక లక్షలు!

అసలు మన పాత ఊళ్లకు లేఅవుటు ఎవరు గీశారు? ఆంధ్రలో గ్రామకంఠం అనేదాన్నే ఇక్కడ గ్రామ నత్తం అంటారు, అంటే ఊరివాళ్లు ఇళ్లు కట్టుకోవడానికి తరతరాలుగా వదిలిన జాగా. అది ప్రభుత్వ సొత్తు కాదని 1998లో మద్రాసు హైకోర్టు కూడా చెప్పింది. కోవిల్‌పట్టి దగ్గరే ఇడైసెవల్ ఉంది, తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ఊరు. ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలలో తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చి, అడవి కొట్టి ఊరు కట్టుకుంటారు. 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు పొందిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ దానికి కొనసాగింపు. అలాంటి ఊళ్లలో మంద నిలిచే చోటూ, కళ్లమూ, బావిగట్టూ అందరివీ. వాటిని వదలమని చెప్పడానికి ఏ జీవో లేదు. అలాగని ఆ కాలం బంగారమనీ అనను. అందరివీ అన్న బావిలో కొందరిని తోడనిచ్చేవాళ్లు కారు. ఆ లెక్కను తిరగరాయాలనే ప్రభుత్వం సమత్వపురాలు కట్టింది. విరుదునగర్ నుంచి మదురై పోయే దారిలో తిరుమంగళం దగ్గర మేలక్కోట్టైలో 1998లో మొదటిది తెరిచారు. వంద ఇళ్లు, అన్ని కులాలకూ వాటా, శ్మశానంతో సహా అన్నీ ఉమ్మడి. అక్కడ ఖాళీ జాగా ఉండాలా వద్దా అన్న తగువే లేదు, ముందే గీసి ఇచ్చారు.

ఇల్లు చిన్నదైతే దిగులు పడనక్కరలేదు. అమెరికాలో 2018 నాటి నివాస భవన నియమావళి 400 చదరపు అడుగుల లోపు ఇంటిని ‘టైనీ హౌస్’ అంటుంది. మన సెంటు 435 అడుగుల పైమాట, అంటే వాళ్ల చిన్నిల్లు మన ఒక్క సెంటులో పడుతుంది! ఇక్కడి కలైజ్ఞర్ కలల ఇల్లు పథకంలోనూ ఇల్లు 360 అడుగులే. 2024 జులై నుంచి 2,500 అడుగుల లోపు స్థలంలో, 3,500 అడుగులకు మించని ఇంటికి, నేల మీద ఒక్క అంతస్తు వరకు, మనమే ధ్రువీకరించి ఆన్‌లైన్లో వెంటనే అనుమతి పొందే వీలుంది. మూడు సెంట్లు 1,307 అడుగులు కాబట్టి మావాళ్లందరికీ అది చాలు. అయితే నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే నేల. ఇంటికంటే పునాదికి ఎక్కువ ఆలోచించాలి. ఆ మాట ఏ అనుమతి పత్రమూ చెప్పదు, మేస్త్రీని అడగాలి.

పోయిన నెల ప్లాను మళ్లీ గీయించాం. రెండు వేపచెట్లున్న మూల పదిహేను సెంట్లు ఖాళీ జాగాగా వదిలాం. తమ్ముడు మూడు రోజులు ఫోను ఎత్తలేదు. నాలుగో రోజు తనే చేసి, చెట్ల దగ్గర దీపం స్తంభం ఎవరు వేయిస్తారని అడిగాడు. రోడ్లూ ఆ జాగా దానపత్రంతో పంచాయతీకి రాసిస్తేనే చివరి ఆమోదం. సంతకం చేయవలసినవాళ్లం పదకొండుమందిమి. కోయంబత్తూరు వాళ్లు తేదీ చెప్పమన్నారు, హోసూరు వాడు సెలవు దొరికితే వస్తానన్నాడు. చిన్నాయన మాత్రం ఆధార్ కార్డు జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడు.