స్టెప్స్ లెక్కపెట్టని నడక

చారిటీ వాక్ అనగానే మనకి గుర్తొచ్చేది టీషర్టు, మెడల్, ఇన్‌స్టాలో ఓ స్టోరీ. 1951లో వినోబా భావే నడకలో ఇవేవీ లేవు. అప్పటికాయనకి 55 ఏళ్లు. వార్ధా దగ్గరి ఆశ్రమం నుంచి హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమావేశానికి నడిచే వచ్చారు. అక్కణ్నుంచి మళ్లీ నడకే, నల్గొండ పల్లెల వైపు. భూమి కోసం తుపాకులు పేలుతున్న పల్లెలవి.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. దళితవాడకెళ్లి ఏం కావాలని అడిగితే, 40 కుటుంబాలవాళ్లు 80 ఎకరాలుంటే చాలన్నారు. అదే మాట ఊరివాళ్ల ముందు పెట్టారు: మీలో ఎవరైనా ఇవ్వగలరా? వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. అడిగినదానికి 20 ఎక్కువ!

మా నూజివీడు వైపు మామిడితోట గట్టు జానెడు జరిగితే అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. అందుకే నాకు ఆ 100 ఎకరాలు చిన్న సంగతి అనిపించదు.

51 రోజుల తెలంగాణ యాత్రలో దాదాపు 12 వేల ఎకరాలొచ్చాయి. తర్వాత ఏళ్ల తరబడి దేశమంతా నడిస్తే 40 లక్షలు దాటాయి, కాగితాల మీద. అందులో రాళ్లూరప్పలున్నాయి, కోర్టు తగాదాల్లో ఉన్న భూములున్నాయి, ఎవరికీ పంచకుండా మిగిలిపోయినవీ బోలెడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డెమో అదిరింది, ప్రొడక్షన్‌లో బగ్గులు. నడవడం కంటే రిజిస్ట్రేషనే కష్టమన్నమాట.

ఆ ఊరు ఇప్పుడు భూదాన్ పోచంపల్లి. ఇక్కత్ చీరల కోసం వెళ్లేవాళ్లు అక్కడి వినోబా మందిరం కూడా ఓసారి చూసి రండి.