ముందు పళ్ళు చూపించుకోండి

రామచంద్రపురంలో ఓ ఇల్లాలికి రొమ్ము క్యాన్సర్ అని తేలగానే ఆ ఇంట్లో ఒకటే చర్చ. కాకినాడ వెళ్దామా, రాజమండ్రా, విశాఖా, హైదరాబాదా? ఆరోగ్యశ్రీ కింద చేస్తారా? ఆపరేషను ముందా, కిమో ముందా? కరెంటు (రేడియేషన్) ఎన్నాళ్ళు పెడతారు? జుట్టు రాలుతుందని డాక్టర్లు ముందే చెబుతారు కాబట్టి ఆవిడ మనసు గట్టి చేసుకుంటుంది. పళ్ళ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ప్రాణం మీదికొచ్చిన వేళ పళ్ళేమిటి అనుకుంటారు. లవంగనూనె దూది పెట్టుకుంటూ నెట్టుకొస్తున్న పిప్పిపన్నుతోనే ఆవిడ కిమోకి వెళ్ళిపోతుంది.

ఆ పన్ను సంగతి తేల్చుకోవాల్సింది సరిగ్గా అప్పుడే.

వేగంగా పెరిగే కణాలను కిమో మందు చంపుతుంది. నోటి లోపలి పొర కూడా వేగంగా పెరిగేదే. అందుకే డాక్సోరుబిసిన్ లాంటి మందు ఎక్కించాక వారం పదిరోజుల్లో చాలామందికి నోరు పూస్తుంది. ఆవకాయ ముద్ద కాదు కదా, చారన్నం తిన్నా మంటే. లాలాజలం తగ్గి నోరు పిడచకట్టుకుపోతుంది, పళ్ళు తొందరగా పుచ్చుతాయి. నాలుక మీద తెల్లటి పూత కడితే ఫంగస్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకూడదు. కడుపులోంచి వచ్చిన ఆమ్లానికి పంటి పైపొర అప్పటికే మెత్తబడి ఉంటుంది. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి పుక్కిలించడమే మేలు. మనవైపు పెద్దవాళ్ళకు వేపపుల్ల మీద గురి ఎక్కువ. కానీ ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజుల్లో చిగురు చీరుకుపోతే రక్తం ఓ పట్టాన ఆగదు. మెత్తటి బ్రష్షే వాడాలి.

మందు ఎక్కాక 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు పిప్పిపంటి కింది చీము ఒళ్ళంతా పాకితే ప్రాణానికే ముప్పు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పీకాల్సిన పన్నును కిమోకి కనీసం రెండు వారాల ముందే పీకించేస్తే పుండు మానడానికి వ్యవధి దొరుకుతుంది.

ఇంతకంటే జాగ్రత్తపడాల్సింది మరొకటుంది. ‘ఎముకల ఇంజెక్షన్’ అని అందరూ చెప్పుకునే జోలెడ్రోనిక్ యాసిడ్. 4 మిల్లీగ్రాముల మందును 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి పావుగంట సేపు ఎక్కిస్తారు. క్యాన్సర్ ఎముకకు పాకినవాళ్ళకు ఇది పెద్ద ఆసరా. ముట్లుడిగిన కొందరిలో జబ్బు తిరగబెట్టకుండా కూడా ఆరునెలలకోసారి ఇస్తారు. లెట్రోజోల్ అనే క్యాన్సర్ మాత్రలతో ఎముకలు గుల్లబారుతున్నవాళ్ళకూ ఇస్తారు. పాత ఎముకను కరిగించే కణాలను ఈ మందు ఆపేస్తుంది. చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ పనీ అదే. పాత గోడ పడగొట్టే కూలీ రాకపోతే కొత్త ఇటుక పడదు. పన్ను పీకిన చోట దవడ ఎముకకూ అదే ఇబ్బంది. చిగురు మూసుకోక ఎముక బయటికి కనిపిస్తూ వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. ఎనిమిది వారాలు దాటినా మానకపోతే దవడ ఎముక చచ్చుబడిందని అంటారు. ఎక్కువగా కింది దవడకే వస్తుంది.

మయామీ సర్జన్ రాబర్ట్ మార్క్స్ 2003లో ఇలాంటి 36 కేసులను బయటపెట్టాకే ప్రపంచం దీన్ని గుర్తించింది. పందొమ్మిదో శతాబ్దంలో తెల్ల భాస్వరంతో అగ్గిపుల్లలు చేసిన యూరప్ కార్మికుల దవడలు కూడా ఇలాగే కుళ్ళిపోయేవి. ఇప్పుడు ఈ ఇంజెక్షన్లు తీసుకునే క్యాన్సర్ రోగుల్లో నూటికి ఐదుగురి లోపే దీని బారిన పడుతున్నారు. కాబట్టి భయపడి ఇంజెక్షన్ మానేయడం తప్పు. మొదటి డోసుకు ముందే నోరు బాగుచేయించుకోవాలి, అంతే. రొమ్ముకు పెట్టే కరెంటు దవడ దాకా రాదు గనక దాని గురించి పళ్ళ విషయంలో బెంగ అక్కర్లేదు.

డాక్సోరుబిసిన్ మొదలుపెట్టే ముందు గుండెకు 2డి ఎకో రాస్తారు. అదే చీటీలో పళ్ళ పరీక్ష కూడా రాయాలని క్యాన్సర్ ఆసుపత్రులను గట్టిగా అడగాలి. రాజానగరం దగ్గర జీఎస్ఎల్ వాళ్ళకు మెడికల్ కాలేజీతో పాటు డెంటల్ కాలేజీ కూడా ఉంది. అంతదూరం పోలేకపోతే ఊళ్ళో పళ్ళ డాక్టరున్నా చాలు. డాక్టరు రాయకపోతే మనమే అడిగి రాయించుకోవాలి.

వైద్యం పూర్తయ్యాక కూడా పళ్ళ డాక్టరు దగ్గరికి ఆసుపత్రి ఫైలు పట్టుకెళ్ళండి. పాత జబ్బు సంగతి నలుగురిలో ఎందుకని దాచకండి. జోలెడ్రోనిక్ ఎముకలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఇంజెక్షన్లు ఆపి ఐదేళ్ళయినా సరే, ఆ సంగతి తెలిస్తే డాక్టరు పన్ను పీకకుండా రూట్ కెనాల్ చేసి, వేరును అలాగే ఉంచే మార్గం చూస్తాడు.