ఊయల పడకకు వానకప్పు

అడవిలో రెండు చెట్ల నడుమ గుడ్డ ఊయల కట్టుకొని పరుండువారికి నేలతడి బాధ లేదు. పైనుండి పడు వాన బాధ మాత్రము కలదు. తడిసిన దేహమునకు కొండగాలి ప్రమాదకరము. అయినను పైన కట్టు టార్పాలిన్ కొనునప్పుడు పలువురు బరువును, ధరను మాత్రమే విచారింతురు. మొదట చూడవలసినది పొడవు.

11 అడుగుల ఊయలను తగిన వంపుతో కట్టినచో దాని కొసల నడుమ దూరము సుమారు 9 అడుగులగును. కప్పు ప్రతి కొసను అడుగైనను దాటవలెను. అనగా నడిమి త్రాటి వెంబడి గుడ్డ 11 అడుగులుండవలెను. వాన నిట్టనిలువుగా పడదు గదా! 10 అడుగుల చదరపు గుడ్డను మూలనుండి మూలకు బిగించినచో 14 అడుగులు వచ్చుమాట నిజమే. కాని తలవైపున, కాళ్లవైపున మిగులునది సన్నని మూలయే. ఈదురుగాలి దానిని లక్ష్యపెట్టదు. వర్షకాలమునకు దీర్ఘచతురస్రమే మేలు.

ఇక గుడ్డ. నైలాను తడిసిన సాగును; సాయంకాలము బిగించిన కప్పు అర్ధరాత్రికి వ్రేలాడును. లేచి మరల త్రాళ్లు బిగింపవలెను. పాలియెస్టరు అంతగా సాగదు.

కప్పెంత మంచిదైనను, చెట్టు బోదె వెంట దిగు నీరు ఊయల త్రాటిని పట్టుకొని పడకలోనికి వచ్చును. కప్పు క్రిందనే, ఊయల కొసకు ముందుగా, ఆ త్రాటికి జానెడు నూలుదారము వ్రేలాడగట్టినచో నీరు దాని వెంట నేలకు జారిపోవును.