బకెట్‌ లోపలా ‘పూస’ కడుతుంది!

కాచిన నెయ్యిని నిదానంగా చల్లారనిస్తే పెద్ద పూస కడుతుంది. గిన్నెను చన్నీళ్లలో పెట్టి గబగబా చల్లారిస్తే నున్నగా పేరుకుంటుంది. ఇది మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే. సంతలో కొనే ప్లాస్టిక్‌ బకెట్‌లోనూ ఇదే జరుగుతుందంటే నమ్ముతారా? నీళ్లతో ఎత్తగానే అడుగు పగలడానికి ఒక్కోసారి ఆ పూసే కారణం.

బకెట్లు, కుర్చీలు, తాళ్లకు వాడే ప్లాస్టిక్కుల్లో పాలీప్రొపిలీన్‌ ముఖ్యమైనది. పూస కట్టే రకాన్ని 1954లో ఇటలీలో గియులియో నట్టా బృందం తయారుచేసింది. ఆయనకు 1963లో నోబెల్‌ బహుమతి వచ్చింది.

చీకట్లో చుక్కలు

ఈ పూస మామూలుగా కంటికి ఆనదు. ప్రత్యేక సూక్ష్మదర్శినిలో చూడాలి. అందులో రెండు పోలరాయిడ్‌ రేకులుంటాయి. నిలువు సందుల దడిలోంచి తాడు దూర్చి ఊపితే నిలువు ఊపే అవతలికి పోతుంది కదా! అలాగే మొదటి రేకు ఒక్క దిశలో ఊగే కాంతినే వదులుతుంది. రెండో రేకు అడ్డంగా ఉండి దాన్నీ ఆపేస్తుంది. అంతా చీకటి.

చిన్న ప్లాస్టిక్‌ ముక్కను రెండు గాజు బిళ్లల మధ్య పెట్టి 200 డిగ్రీల సెల్సియస్‌ దాకా కాచి, పాత పూసంతా కరిగిస్తారు. తరువాత చప్పున 130 డిగ్రీలకు దించి, వేడి అక్కడే నిలబెట్టి ఈ రేకుల మధ్య చూస్తారు. కరిగిన ప్లాస్టిక్‌ చీకటిగానే ఉంటుంది. పూస మాత్రం కాంతి ఊపును తిప్పుతుంది కనుక మెరుస్తుంది. చుక్కగా పుట్టి గుండ్రంగా పెరుగుతుంది. మధ్యలో నల్లని కూడిక గుర్తు కనబడుతుంది.

కొలత ఎలా?

నిమిషానికొక ఫొటో తీసి, నడిమి నుంచి అంచు దాకా కొలుస్తారు. మొదట 10 మైక్రాన్లుండి రెండు నిమిషాలకు 30 అయిందనుకోండి. పెరుగుదల నిమిషానికి 10 మైక్రాన్లన్నమాట. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వేడి మారకపోతే, పక్క గింజను తాకేదాకా వేగం కూడా మారదు.

నిదానంగా చల్లారితే కొద్ది గింజలే పుట్టి పెద్దవవుతాయి. వాటి సరిహద్దుల వెంట బీటలు తేలిగ్గా పోతాయి. త్వరగా చల్లార్చినా, సోడియం బెంజోయేట్‌ వంటి పొడి కాస్త కలిపినా సన్న గింజలు లెక్కలేనన్ని పుడతాయి. అచ్చులో ఎంత వేడి, ఎంతసేపు ఉంచాలో తేల్చుకోవడానికి ఈ కొలతలు పనికొస్తాయి.

అయితే ఎంత మంచి బకెట్‌నైనా ఏళ్లతరబడి ఎండలో వదిలేస్తే పెళుసెక్కుతుంది. పూస సన్నగా ఉండేలా చూడటం తయారుచేసేవారి పని. నీడన పెట్టుకోవడం మన వంతు.