మాసీమా రుచి చూడని చేప

బి.కాం. చదివి బ్యాంకులో అంకెలు కూడుకునేవాడికి వంటింటి సంగతులెందుకని మీరు అడగవచ్చు. ఇది బదిలీలు నేర్పిన విద్య.

2003లో నాకు కోల్‌కతా బదిలీ అయింది. పిల్లల చదువుల వల్ల కుటుంబం యానాంలోనే ఉండిపోయింది. గరియాహాట్ దగ్గర ఒక పాత ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడకు అరవై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్లయింది. అందరిలాగే నేనూ ఆవిడను 'మాసీమా' అని పిలిచేవాణ్ణి. అంటే పిన్నిగారన్నమాట.

వానాకాలం రాగానే బజారు నిండా ఇలిష్ చేపలే. తీరా చూస్తే అది మన పులసే! గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురీదే ఈ చేప గోదావరిలోకి వస్తే మనకు పులస, హుగ్లీలోకి వెళితే వాళ్లకు ఇలిష్. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊరివాణ్ణి. ఆగలేక ఒక చేప కొన్నాను, పులుసుకని చింతపండు కూడా తెచ్చుకున్నాను. మాసీమా చూసి నవ్వారు. "అది పక్కన పెట్టు నాయనా, ఈవేళ నేను చెప్పినట్టు చెయ్యి" అన్నారు.

అలా నేర్చుకున్నదే 'భాపా ఇలిష్'. ఆరు ముక్కలకు నల్ల ఆవాలు ఒక చెంచా, పసుపు పచ్చ ఆవాలు రెండు చెంచాలు నానబెట్టాలి. వాటిని రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పుతో కలిపి నూరాలి. ఉప్పూ మిర్చీ లేకుండా నూరితే చేదెక్కుతుంది. చేపను కోయకముందే కడగాలి. ముక్కలు కోశాక కడిగితే కొవ్వూ రుచీ నీళ్లపాలే. ముక్కలకు పసుపు, ఆవ ముద్ద, మూడు చెంచాల ఆవనూనె పట్టించి, బిగుతు మూత ఉన్న స్టీలు టిఫిన్ గిన్నెలో సర్దాలి. పైన నాలుగు చీల్చిన పచ్చిమిరపకాయలు వేయాలి. ఉల్లి, వెల్లుల్లి ఊసే లేదు. అన్నం సగం ఉడికాక ఆ గిన్నెను అన్నం మధ్యలో దించాలి. పావుగంటలో అన్నం, చేప రెండూ అవుతాయి. గంజి వార్చి, వేడి అన్నంలో ఆ ఆవ పులుము కలుపుకుని తినడమే. ముళ్లు మాత్రం జాగ్రత్త!

మొదటిరోజు మూత తీసి, "ఉప్పు సరిపోయిందేమో చూడండి మాసీమా" అని చెంచా అందించాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేశారు. "నేను తినను కదా! నువ్వే చూసుకో" అన్నారు మెల్లగా.

అప్పుడు తెలిసింది. ఆ తరంలో చాలా బెంగాలీ హిందూ కుటుంబాల్లో భర్త పోయిన స్త్రీ చేప మానేసేది. ఆవిడ ఇన్నేళ్లూ పిల్లలకూ అల్లుళ్లకూ వండి పెట్టింది వాసన ఆధారంగానే. మూత తీయగానే ఆవిరి చూసి, "ఇంకో రెండు నిమిషాలు" అనేవారు. ఎప్పుడూ తప్పలేదు. మీరూ ఒక ముక్క తినండి అనాలని ఎన్నోసార్లు అనుకున్నాను. పరాయివాణ్ణి, ఎలా అడగను? 2006లో బదిలీ అయి వచ్చేశాను. అడగలేదు.

2011లో మా నాన్నగారు పోయారు. మా ఇళ్లలో అలాంటి నియమం లేదు. అయినా ఆ ఏడు పులస వచ్చినప్పుడు అమ్మ, "ఆయన తెచ్చేవారు, అందరం తినేవాళ్లం. నాకెందుకురా ఇప్పుడు, మీరు తినండి" అంది. ఆ రోజు వంటింట్లోకి నేనే వెళ్లాను. ఆవాలు నూరి, అన్నం మధ్యలో గిన్నె దించాను. మొదటి ముక్క అమ్మ కంచంలో వేసి, "ఉప్పు సరిపోయిందేమో చూడమ్మా" అన్నాను.

కాసేపు చూసి, ముళ్లు తీసుకుని తింది. "పులుసంత కాదుగాని, బాగానే ఉంది" అంది. మళ్లీ అన్నం పెట్టించుకుంది.

మీ ఇంట్లోనూ వండి పెట్టి, తమకు మాత్రం వద్దనేవారు ఉండవచ్చు. ఒక్కసారి అడిగి చూడండి.