రౌటరులో వరుస: మాటకు తోవ

రాజపాళయమున తరతరములుగా తెలుగు నిలుపుకొన్న రాజుల యింట నొక ముదుసలి తల్లి పరదేశమందున్న కుమారునితో ఇంటర్నెట్టుపై మాటలాడుచున్న దనుకొందము. ఆమె గొంతు సాధారణముగా 20 మిల్లీసెకండుల తునకలై ప్యాకెట్లలో పోవును. ఒకవైపు ఆలస్యము 150 మిల్లీసెకండులు మించినచో సంభాషణ కుంటువడ నారంభించును. అదే తోవను ఊరి నూలుమిల్లు పెద్ద ఫైళ్లు పంపుచుండవచ్చును. రౌటరు వచ్చిన వరుసనే అన్నిటిని పంపినచో తల్లి మాట ఫైళ్ల వెనుక చిక్కుకొనును. తీగ వేగము పెంచుట యొక్కటే దీనికి మందు కాదు.

1989లో డెమర్స్, కేశవ్, షెంకర్ అనువారు ప్రతి ప్రవాహమునకు వేరు వరుస నిచ్చి న్యాయమైన వంతు కల్పించు పద్ధతిని ప్రకటించిరి. పద్ధతి న్యాయమైనదే, కాని ప్రతి ప్యాకెట్టునకు ముగింపువేళ లెక్కగట్టి తక్కినవానితో పోల్చవలెను. సెకనుకు 1000 కోట్ల బిట్లు పోవు తీగపై 40 బైట్ల ప్యాకెట్టు 32 నానోసెకండులలో దాటిపోవును. అంతలో ఆ లెక్కకు తీరిక యెక్కడిది!

1995లో శ్రీధర్, జార్జ్ వర్గీస్ సూచించిన ఉపాయము మిక్కిలి తేలిక. వంతు వచ్చినపుడెల్ల ప్రతి వరుసకు కొన్ని బైట్ల కోటా దక్కును. ముందున్న ప్యాకెట్టునకు అది చాలనిచో, మిగిలినది తరువాతి వంతులో కలియును. అయితే వరుసలు పెరిగినకొలది వంతు రాక దూరమగును. కనుక మాటల ప్యాకెట్లకు ముందుగా పోవు వరుస నొకదానిని ప్రత్యేకింతురు. దానికిని హద్దు విధింతురు. హద్దు లేనిచో ఆ వరుసయే తక్కినవాని నన్నిటిని ఆపివేయును.