అప్పు తీరిన కారు

ఢిల్లీ వెళ్ళిన మనవాళ్ళు కుతుబ్‌మీనారు చూస్తారు, ఎర్రకోట చూస్తారు, రాజఘాట్‌లో ఓ నమస్కారం పెట్టి, కరోల్‌బాగ్‌లో చలికోట్లు బేరమాడి రైలెక్కుతారు. మోతీలాల్ నెహ్రూ ప్లేసులో ఒకటో నెంబరు ఇల్లు వారి జాబితాలో ఉండదు.

అది లాల్‌బహదూర్ శాస్త్రిగారి స్మారక భవనం. ప్రధానమంత్రిగా ఆయన కాపురమున్న 10 జనపథ్‌ను ఆనుకునే ఉంది. మా కాలేజీ పిల్లలతో విహారయాత్రకు వెళ్ళినప్పుడు, పట్టుబట్టి వాళ్ళనక్కడికి తీసుకువెళ్ళాను.

గుమ్మంలోనే ఓ కుర్రాడు అడిగాడు: "మాస్టారూ, ఈయన మనవైపు శాస్త్రులుగారి లాంటివారేనాండీ?"

"కాదు నాయనా. వారిది కాయస్థ కుటుంబం. కులాన్ని తెలిపే 'శ్రీవాస్తవ' అన్న మాటను చిన్నతనంలోనే వదులుకున్నారు. 'శాస్త్రి' అన్నది కాశీ విద్యాపీఠం ఇచ్చిన పట్టా. అదే పేరైపోయింది. నాకూ ఓ పట్టా ఉంది గాని, నన్నెవరూ 'ఎమ్మే' అని పిలవరు గదా!"

పిల్లలు నవ్వుకుంటూ లోపలికి నడిచారు. తీరా చూస్తే అక్కడ కళ్ళు చెదిరే వస్తువొక్కటీ లేదు. మన ఇళ్ళలో కనిపించేపాటి సామానే. ఫొటోల ముందు నిలబడి నాకు తెలిసిన సంగతులు చెప్పాను.

1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. నూటికి పైగా జనం మరణించారు. రైల్వేమంత్రి శాస్త్రిగారు రాజీనామా ఇస్తే నెహ్రూగారు ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు దగ్గర మరో ఘోరం జరిగింది. ఈసారి రాజీనామా ఇచ్చి పదవి వదిలేశారు. పదవి వదిలితే పత్రికలు మెచ్చుకుంటాయి. జీతం తగ్గిన సంగతి మాత్రం వంటింటికి తెలుస్తుంది.

1965లో దేశానికి తిండిగింజల కటకట వచ్చింది. వారానికి ఒక పూట భోజనం మానండని ప్రజలను కోరారాయన. ఐతే ఆ మాట బయట అనేముందు ఇంట్లో చెప్పి, ఒక పూట పొయ్యి వెలిగించవద్దన్నారట. పిల్లలు ఆకలికి ఓర్చుకోగలరని తేలిన తర్వాతే దేశాన్ని అడిగారు.

అంతలో పిల్లలందరూ ఓ కారు చుట్టూ మూగారు. 1964 నాటి ఫియట్ అది, మీగడరంగుది. సర్కారు కారు ఉన్నా ఇంటికి సొంతకారు లేదని పిల్లలు ముచ్చటపడితే కొన్నారు. వెల రూ. 12,000. చేతిలో ఉన్నది రూ. 7,000. తక్కిన రూ. 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు చేశారు, దేశానికి ప్రధానమంత్రిగా ఉంటూనే!

1966 జనవరి 10న తాష్కెంటులో పాకిస్తాన్‌తో ఒడంబడికపై సంతకం చేశారు. ఆ రాత్రే, తెల్లవారితే 11వ తేదీ అనగా, అక్కడే కన్నుమూశారు. అప్పు మిగిలిపోయింది.

"మరెవరు తీర్చారు మాస్టారూ?" అన్నదో అమ్మాయి.

"ఆయన భార్య లలితాదేవిగారు. తనకు వచ్చే పెన్షనులోంచి."

దేశమంతా కంటతడి పెట్టిన రోజులవి. ఆ అప్పు కొట్టివేయండని ఆవిడ ఒక్కమాట అంటే కాదనేవారెవరు? ఆవిడ అనలేదు. 1993లో ఆవిడా వెళ్ళిపోయారు.

ఆ అమ్మాయి కాసేపు కారువంక చూసి, "మా నాన్న పోయాక మా అమ్మ కూడా అలాగే తీర్చిందండీ" అన్నది మెల్లగా. ఎవరమూ మాట్లాడలేదు.

పెద్దవారి నిజాయితీని మనం సభల్లో పొగుడుతాం, వీధులకు వారి పేరు పెడతాం. దాని ఖరీదు చెల్లించేది మాత్రం వాళ్ళింట్లో వాళ్ళే. ఆ రసీదులమీద సాధారణంగా ఇల్లాలి సంతకమే ఉంటుంది. ఢిల్లీ వెళితే, చలికోట్ల బేరంలో ఓ గంట తగ్గించుకుని ఆ కారును చూసి రండి.